తల వాల్చిన గులాబీకి బిందెడు జాలి

నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్న తరువాత నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసింది. "మేడమ్, ఇళ్ళలో గులాబీలు పెంచేవాళ్ళకు సలహా చెప్పాలంటే ముందు నేనేం నేర్చుకోవాలి?" అని అడిగింది. వేర్ల గురించో, తెగుళ్ళ గురించో చెబుతానని ఆశించినట్టుంది. "ముందు ఆ ఇంటి అరుగు మీద పొద్దున ఒక గంట ఊరికే కూర్చో" అన్నాను. నా మాట సరిగ్గా వినపడలేదేమోనని ఆమె రెండుసార్లు హలో అన్నది. ఆ జవాబు ఎందుకు చెప్పానో ఫోన్‌లో వివరించడం కుదరలేదు. అందుకే ఈ నాలుగు పుటలు.

నా ఉద్యోగం అనంతపురంలో ఒక మొక్కల నర్సరీకి అనుబంధంగా నడిచిన సలహా కేంద్రంలో. మొక్క కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి అది ఎందుకు పూయడం లేదో, ఎందుకు ఎండిపోతోందో చూసి చెప్పడం నా పని. నాకు దినచర్య రాసే అలవాటుంది. ఏ తేదీన ఏ మొక్క నాటామో, ఏది బతికిందో, ఎంత ఎరువు పడిందో రాసి, నెలాఖరున కూడికలు వేసి, కింద గీత గీస్తే తప్ప నాకు అన్నం సహించదు. మా ఆయన దీన్ని జబ్బంటాడు. నడుము నొప్పి వచ్చి యాభై దాటగానే ఉద్యోగం మానుకున్నాను గానీ ఈ జబ్బు మాత్రం మానలేదు. పదోన్నతులు, బదిలీలు, ఫైళ్ళ సంగతులు ఇక్కడ రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది.

ఈ గులాబీ స్వభావం

పెళ్ళి పందిళ్ళలో కనిపించే గులాబీ వేరు, నేను చెప్పబోయే పాతకాలపు టీ గులాబీ వేరు. పందిరి గులాబీ బలమైన కాడ మీద నిటారుగా నిలబడి ఫొటోకు ముఖం చూపిస్తుంది. టీ గులాబీకి కాడ సన్నం, పువ్వు బరువు. అందువల్ల పూసిన ప్రతి పువ్వూ నేలవైపే చూస్తుంది. పాలలో ముంచిన బిస్కెట్ రంగు, రేకుల వెనక కొంచెం ఎరుపు జీర. లేత ఆకు వంకాయ తొక్క రంగులో మెరుస్తుంది. దీని వాసన కొత్త టీ పొట్లం విప్పినప్పుడు వచ్చే వాసనకు దగ్గర. అందరి ముక్కుకూ అలా తోచదు. కొందరికి పండిన జామకాయ గుర్తుకు వస్తుంది.

మన ఎండకు ఈ మొక్క భయపడదు. అది భయపడేది రెండింటికే: కత్తెరకు, నిలవ నీటికి. దీని పేరు విని, వడకట్టిన టీ పొడిని చక్కెరతో సహా మొదట్లో పోసి, గులాబీకి బదులు చీమల పుట్టలు పెంచినవారు ఎందరో నా దినచర్యలో ఉంది. వారి పరువు దృష్ట్యా ఆ సంఖ్య ఇక్కడ ఇవ్వను.

వజ్రకరూరులో ఒక గుంత

గులాబీ నాటేముందు రెండడుగుల లోతు గుంత తవ్వి, మట్టిలోని రాళ్ళు ఏరి, వారం రోజులు ఎండనివ్వాలి. ఈ మాట నేను కొన్ని వందల ఇళ్ళలో చెప్పి ఉంటాను. ఎవరూ చేయరు. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచి, మొక్కను అందులో కుక్కి, "మీ మొక్క మంచిది కాదు మేడమ్" అని తిరిగి వస్తారు.

చెప్పినదాని కంటే ఎక్కువ చేసినవాడు ఒక్కడే. వజ్రకరూరులో నాగిరెడ్డి అనే రైతు కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు మామూలు బజారు గులాబీ కావాలన్నాడు. గుంత సంగతి చెప్పి వచ్చాను. వారం తరువాత వెళ్ళి చూస్తే అక్కడ గుంత లేదు. ఇంకో ఇంటికి పునాది తీసినంత కందకం ఉంది. దాని చుట్టూ నాగిరెడ్డి భార్య, తమ్ముడు, మరదలు, పక్కింటివాళ్ళు తలా ఒక జల్లెడ పట్టుకుని కూర్చున్నారు. చినుకు పడితే చాలు, జనం పొలాల్లో వజ్రాల కోసం నేల చూస్తూ తిరిగే ఊరది.

"నాగిరెడ్డన్నా, గులాబీకి ఇంత గుంత ఎందుకు?" అని అడిగాను.

"గులాబీకి రెండడుగులే మేడమ్. మిగిలింది మాకు."

"ఏమైనా దొరికిందా?"

"దొరికింటే ఈడ కూచొని జల్లెడ పడతాంటానా? బెంగళూరులో ఉండనా?"

ఆయన మరదలు జల్లెడ ఆపకుండానే అందుకుంది. "ఇంకో అడుగు పోదాము అంటాండాడు మేడమ్. మీరన్నా చెప్పండి, గులాబీకి అంత లోతు వద్దని."

నేను చెప్పలేదు. ఆ మట్టిని వాళ్ళు మూడుసార్లు జల్లెడ పట్టారు. ఒక్క రాయి మిగల్లేదు. ఏరిన రాళ్ళను గుంత అడుగున పరిపించి, పైన ఆ మెత్తని మట్టి పోయించి మొక్క నాటాను. నా ఉద్యోగ జీవితంలో అంత బాగా సిద్ధమైన గుంతను మరి చూడలేదు. మూడో ఏడు ఆ గులాబీ కిటికీ ఎత్తుకు పెరిగింది. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఎవరు గులాబీ అడిగినా గుంత లోతు గురించి మాట్లాడటం మానేశాను. వాళ్ళే చూసుకుంటారు.

నిటారు సిద్ధాంతం

మా అధికారి మంచివాడు. జీతాలు ఆపలేదు, సెలవు అడిగితే ముఖం చిట్లించలేదు. ప్రదర్శనకు పెట్టే పెద్ద గులాబీల విషయంలో ఆయనకు తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకున్న లోపమల్లా ఒకటే: పువ్వు అనేది సిపాయిలా నిలబడాలని ఆయన నమ్మకం.

"పువ్వు మనిషి ముఖం చూడాలమ్మా. నేలను చూసే పువ్వు ఎవరికి?" అనేవాడు.

ఏటా జనవరిలో నర్సరీలోని ప్రతి గులాబీని మోకాలెత్తుకు కత్తిరించాలని ఆయన ఉత్తర్వు. బజారు గులాబీలకు అది సరే. పంపు గది వెనుక ఎవరో ఎప్పుడో నాటిన పాత టీ గులాబీలు రెండు ఉండేవి. వాటి దగ్గరకు కత్తెరతో వచ్చినప్పుడు నేను అడ్డుపడ్డాను. ఈ జాతి తన బలాన్ని పాత కొమ్మల్లోనే దాచుకుంటుందని, ఎండు పుల్లలు తీస్తే చాలని చెప్పాను.

"జుట్టు కత్తిరిస్తే మనిషి చస్తాడా?" అన్నాడు.

"అది జుట్టు కాదు సార్. దాని ధాన్యపు గాదె."

ఆయన నవ్వి కత్తిరించాడు. ఒకటి మళ్ళీ చిగురించలేదు. రెండోది రెండాకులు వేసి, మనసు మార్చుకుంది. ఆయన మూడు వారాలపాటు రోజూ వచ్చి దాని పక్కన నిలబడి, ఇంకొంచెం ఎరువు వేయించి వెళ్ళేవాడు. నిజంగానే బాధపడ్డాడు. కానీ బాధపడితే కొమ్మ తిరిగి రాదు.

కొత్తగా చేరేవారికి నా సలహా ఇది. అధికారి పొరబడుతున్నాడని తెలిసినప్పుడు ఒకసారి చెప్పండి. వినకపోతే రెండోసారి చెప్పండి. మూడోసారి కత్తెర దాచేయండి.

ఆ రెండు పోవడంతో నాకు తెలిసినంతవరకు ఈ ప్రాంతంలో ఆ రకం గులాబీ లేకుండా పోయింది. కొమ్మ అంటు కట్టుకుందామన్నా తల్లి మొక్క లేదు. అలాంటి సమయంలో, ఏప్రిల్ నెలలో, కళ్యాణదుర్గం నుంచి ఖలందర్ వచ్చాడు.

తువ్వాలులో వచ్చిన ఆకు

ఖలందర్ బోరు మోటార్లకు తీగ చుట్టే మెకానిక్. వేళ్ళకు గ్రీజు, భుజాన తువ్వాలు. ఆ తువ్వాలు కొసన ముడి విప్పి నా బల్ల మీద పెట్టింది పసుపు రంగుకు తిరిగిన ఒక ఆకు, నల్లబడిన ఒక మొగ్గ. మొగ్గ ఎండిపోయినా కాడ వంపు చూసి గుర్తుపట్టాను. దినచర్య మూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"ఇది బతుకుతాదా మేడమ్?" అన్నాడు.

"ఎక్కడిది ఇది?"

"మా ఇంటి ముందరిది. మా అమ్మ పెండ్లయి వచ్చినప్పుడు తెచ్చుకున్యాది. అమ్మకు రెండేండ్ల నుంచి చూపు లేదు మేడమ్, షుగర్ కండ్లు తినేసింది. పొద్దున్నే అరుగు మీద కూచుంటాది. వాసన వస్తే, ఆ, పూసింది అంటాది. ఆమెకు తెల్లారేది అప్పుడే. రెండు నెలల నుంచి పూయల్లేదు. అన్నం గూడా సరిగ్గా తినల్లేదు."

"బజారులో దొరికే గులాబీ ఒకటి తెచ్చి పక్కన నాటకపోయావా?"

ఖలందర్ తల గోక్కున్నాడు. "మోసం చేద్దామని చూస్తి మేడమ్. మంచి రోజా ఒకటి తెచ్చి కొమ్మకు దారంతో కట్టినా. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకొని, 'ఇది పెండ్లి పందిట్లో రోజా. దీన్ని ఏ పెండ్లికి పంపల్లో ఆడికి పంపి, నాది నాకు తెచ్చియ్యి' అన్యాది."

మరునాడే బస్సెక్కాను. ఖలందర్ ఇల్లు కళ్యాణదుర్గంలో ఒక ఇరుకు వీధిలో ఉంది. అరుగు మీద ఆయన తల్లి హుసేన్‌బీ కూర్చుని ఉంది. చిన్న మనిషి, పెద్ద గొంతు. అరుగు పక్కనే బండల మధ్య వదిలిన జానెడు చోటులో ఆ గులాబీ. నా భుజం ఎత్తు ఉంది. కింది ఆకులు పసుపు, పై చిగుళ్ళు వాడిపోయి వేలాడుతున్నాయి, మొగ్గలు విచ్చకుండానే నల్లబడ్డాయి. మట్టి కొంచెం తీసి వాసన చూశాను. పులిసిన వాసన. పిడికిట్లో పిండితే నీళ్ళు కారాయి.

వేరుశనగ చేలు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్న వేసవిలో, కళ్యాణదుర్గం నడిబొడ్డున, ఈ మొక్క మాత్రం నీళ్ళలో మునిగి చస్తోంది.

"వారానికి ఎన్ని నీళ్ళు పోస్తున్నావు?" అని ఖలందర్‌ను అడిగాను.

"రెండు చెంబులు మేడమ్. తాగేదానికే లేవు, ఇంక యాడివి?"

"అబద్ధం చెప్పకు."

"అల్లా తోడు మేడమ్!"

అరుగు మీదనుంచి హుసేన్‌బీ అందుకుంది. "వానికేం తెలుసు తల్లీ, పొద్దున్నే మోటార్ల కాడికి పోతాడు. కొళాయి వచ్చే దినం ఈడ దబదబ నీళ్ళ చప్పుడు ఇంటాంటా. బిందెలు తొణుకుతాండాయి అనుకుంటి."

అరుగు మీద ఒక పొద్దు

కొళాయి వచ్చే రోజు కనుక్కుని, తొలి బస్సులో వెళ్ళి హుసేన్‌బీ పక్కన కూర్చున్నాను. దినచర్య పుస్తకం ఒళ్ళో ఉంది.

ఆ వీధికంతా ఒకటే కొళాయి. అది ఖలందర్ ఇంటికి మూడిళ్ళ అవతల ఉంది. నీళ్ళు వచ్చేది కొద్దిసేపే కాబట్టి ప్రతి మనిషీ బిందెను అంచుదాకా నింపుతుంది. అంత నిండు బిందెను చంకన పెట్టుకుని నడిస్తే పది అడుగుల్లో చీర తడుస్తుంది. అందుకని కొంత దూరం వచ్చి, పైనుంచి ఒక దోసెడు ఒంపేసి, తరువాత నిశ్చింతగా నడుస్తారు. ఏళ్ళ తరబడి అలా ఒంపిన నీళ్ళు వీధిలో పోయేవి. సరిగ్గా ఒంపే చోటునే ఈ గులాబీ ఉంది. తల వాల్చుకుని ఉంది. హుసేన్‌బీ చూపు పోయాక దాన్ని చూసే దిక్కు లేదనుకుని ఆ దోసెడు దాని మొదట్లోనే ఒంపసాగారు.

"అయ్యో, ఇంకా తల ఎత్తల్లేదు చూడు."

"మొన్న నేను పోస్తి. ఈ పొద్దు నువ్వు పొయ్యి."

"దోసెడు ఏం సరిపోతాది దానికి? ఒంపు ఇంకొంచెం."

ఒక్కొక్కరు రావడం, నిట్టూర్చడం, ఒంపడం. మొదట వాళ్ళకు జాలి కలిగించింది పువ్వుల వంపు. నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళాక ఆకులు కూడా వాలాయి. ఆకులు వాలేకొద్దీ జాలి పెరిగింది, జాలి పెరిగేకొద్దీ నీళ్ళు పెరిగాయి. నేను కూడిక వేశాను. ఆ పొద్దు హుసేన్‌బీ ఇంటికి దక్కిన నీళ్ళు ఆరు బిందెలు. గులాబీకి దక్కినవి ఏడు.

చివరగా లక్ష్మమ్మ వచ్చింది. వేరుశనగ కాయలు వలిచే పనికి పోయే మనిషి. కొళాయి దగ్గర ఎవరి తరువాత ఎవరనేది ఆమె నోటి మాట మీద నడుస్తుంది. ఆమె దోసిళ్ళతో సరిపెట్టుకోలేదు. చంకలో బిందె దించి సగం వంచబోయింది.

"ఆగమ్మా! పోయొద్దు!" అని అరిచాను.

"ఎందుకు పోయగూడదు? ఇవేమన్నా మీ ఇంటి నీళ్ళా?"

"దీనికి నీళ్ళు ఎక్కువై చచ్చిపోతోంది."

లక్ష్మమ్మ బిందె కింద పెట్టింది. నడుము మీద చేతులు వేసుకుంది. తరువాత వీధి వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ సరోజా! ఇన్యావా? కళ్యాణదుర్గంలో నీళ్ళెక్కువై సస్తాందంట!"

వీధి వీధంతా నవ్వింది. హుసేన్‌బీ కూడా నవ్వింది. నేను ఆమె పక్షాన వాదిస్తున్నానన్న సంగతి ఆమె మరచిపోయినట్టుంది.

"యా ఊరమ్మా నీది?" అంది లక్ష్మమ్మ.

"అనంతపురమే."

"మాట చూసి కృష్ణా ఒడ్డునుంచి వచ్చినావేమో అనుకుంటి."

"దీని జాతే అంత లక్ష్మమ్మా. పువ్వు తల వాల్చే పుడుతుంది. దప్పికై కాదు."

"తల వాల్చి అడుగుతాంటే ఎట్ల పోయకుండా పోయేది? నీ బిడ్డ అట్ల నిలబడుకోనుంటే చూస్తా పోతావా నువ్వు?" అని, నా ముందే సగం బిందె పోసి వెళ్ళిపోయింది.

బోర్డు, కట్టెలు

మొక్కకు చికిత్స సగం రోజులో అయిపోయింది. ఒక బండ పెకలించి నీరు బయటికి పోయే దారి చేశాను. కుళ్ళిన వేర్లు కత్తిరించి, పులిసిన మట్టి తీసేసి, ఎర్రమట్టిలో వాగు ఇసుక కలిపి పోశాను. పైన వేరుశనగ పొట్టు పరిచాను. బతికే అవకాశం సగమని ఖలందర్‌తో చెప్పాను. "సగం చాలు మేడమ్, మిగతాది మా అమ్మ అరిచి బతికిస్తాది" అన్నాడు.

వీధికి చికిత్స మాత్రం వేసవి అంతా పట్టింది.

మొదట బోర్డు పెట్టించాను. "ఈ మొక్కకు నీళ్ళు పోయరాదు" అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు. చదువు రాని లక్ష్మమ్మ ఎవరితోనో చదివించుకుని, "రాసిపెట్టి మరీ ఎండబెడతాండారా!" అని నోటి మీద వేలేసుకుందట. ఆ వారం ఖలందర్ దుకాణంలో బేరం పడిపోయింది. మొక్కకే నీళ్ళు పోయనివ్వనివాడు మన మోటారుకు తీగ సరిగ్గా చుడతాడా అని జనం అనుమానం. ఇంతకుముందు జాలితో మాత్రమే పోసినవాళ్ళు ఇప్పుడు ఖలందర్ మీద కోపంతో కూడా పోయసాగారు. బోర్డు తీసేశాను.

తరువాత మా అధికారి సలహా అడిగాను. అది నేను చేయకూడని పని. "వాలిపోతే కట్టెయ్యాలమ్మా" అన్నాడు. ఒక్కొక్క కొమ్మకు వెదురు పుల్ల ఊతం పెట్టి దారంతో నిటారుగా కట్టాను. తల ఎత్తుకుని ఉంటే ఎవరికీ జాలి కలగదని నా లెక్క. మరుసటి వారం వెళ్తే కొమ్మలన్నీ చేతులెత్తిన దొంగల్లా నిలబడి ఉన్నాయి, చుట్టూ మట్టి తడిసి ముద్దయి ఉంది.

"కట్టేసి కొడతాండారు అనుకున్యారు మేడమ్ అందరూ. రెండింతలు పోసినారు" అన్నాడు ఖలందర్.

అరుగు మీద హుసేన్‌బీ ఆ పూట నవ్వలేదు. కొమ్మ దొరికేదాకా చేయి చాపి, తడిమి, రెండు చిగుళ్ళు ఎండి పుల్లలైన చోట వేళ్ళు ఆపింది. "తల్లీ, దీని వాసన లేకపోతే నాకు పొద్దు తెల్దు, మాపు తెల్దు. అంతా ఒకటే చీకటి. నీకు చేతకాకపోతే ఇప్పుడే చెప్పెయ్యి. నేను ఎదురు చూసేది మానుకుంటా" అంది.

నా ఉద్యోగంలో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. తిరుగు బస్సు ఎక్కలేదు. నేరుగా లక్ష్మమ్మ ఇంటికి వెళ్ళాను.

లక్ష్మమ్మకు అధికారం

ఆమె గుమ్మంలో కాయలు వలుస్తోంది. ఈసారి నేను టీ గులాబీ జాతిలక్షణాల జోలికి పోలేదు. "లక్ష్మమ్మా, ఆ మొక్కకు నీళ్ళ సంగతి చూసే మనిషి లేదు. ఎవరిష్టం వాళ్ళదయింది. ఈ రోజు నుంచి ఆ పెత్తనం నీది. నువ్వు సరేనంటేనే ఎవరైనా పోయాలి. ఖలందర్ అయినా సరే, నేనైనా సరే" అన్నాను.

ఆమె చేయి ఆగింది. "నేనా?"

"ఈ వీధిలో నీ మాట కాక ఎవరి మాట చెల్లుతుంది?"

"అది నిజమే అనుకో" అంది. "ఎప్పుడు పోయల్ల, ఎప్పుడు పోయగూడదు, అది ఎట్ల తెలిసేది మేడమ్మా?"

"మట్టిలో వేలు పెట్టు. రెండో కణుపు దాకా పోనీ. తడి తగిలితే పోయొద్దు. దేవుడు దిగివచ్చినా పోయనివ్వొద్దు. పొడిగా ఉంటే రెండు చెంబులు, అంతే."

"అంతేనా? ఇంత చిన్న పనికి బోర్డులు, కట్టెలు ఎందుకు పెట్టినావమ్మా?"

నేను ఆమె వలిచిన కాయల్లోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నాను.

మరుసటి కొళాయి రోజు ఏం జరిగిందో హుసేన్‌బీ చెప్పింది. లక్ష్మమ్మ తన బిందెను కూడా పక్కన పెట్టి, గులాబీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుందట. బిందె ఒంపబోయిన ప్రతి మనిషినీ ఆపి, "వేలు పెట్టి చూస్తివా? ఏ కణుపు దాకా? మరి ఎవర్నడిగి పోస్తాండావు?" అని నిలదీసిందట. నిన్నటిదాకా అందరికంటే ఎక్కువ పోసింది నువ్వే కదా అని సరోజ అంటే, "నిన్న నాకు బాధ్యత లేదు, ఈ పొద్దు ఉండాది" అందట. ఒంపే నీళ్ళు మళ్ళీ వీధిలోకే పోసాగాయి.

నన్ను కూడా వదల్లేదు. ఒకరోజు మట్టి తవ్వి చూసి, అక్కడే సీసాతో చేతులు కడుక్కుంటుంటే ఎదురింటి నుంచి లక్ష్మమ్మ కేక వచ్చింది. "మేడమ్మా! చెయ్యి అవతల కడుక్కో! నీకు వేరే చెప్పల్లా?"

మీలో చాలామంది బోర్డు రాయించడం తేలిక అనుకుంటారు. తేలికే. అది మీ మనసు తేలిక చేయడానికి పనికివస్తుంది. మొక్కకు అపకారం చేస్తున్న మనిషిలో మొక్క మీద ప్రేమ ఎంతోకొంత ఉంటుంది. ఆ మనిషిని తరిమేస్తే ప్రేమ కూడా పోతుంది. తాళం చెవి ఆమెకే ఇచ్చేయండి. ఇస్తే ఏమవుతుందో మాత్రం ముందే తెలుసుకుని ఇవ్వండి. ఆమె మీకు కూడా తలుపు తీయదు.

జూలైలో మొదటి చిగురు వచ్చింది, వంకాయ తొక్క రంగులో. నెలాఖరుకు నాలుగు కొమ్మలు తేరుకున్నాయి. మొగ్గ మాత్రం వేయలేదు. హుసేన్‌బీ రోజూ పొద్దున గాలి ఎగబీల్చి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయేదట.

వాన

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను కళ్యాణదుర్గంలో బస్సు దిగుతుంటే వాన మొదలైంది. ఆ ఏడు అదే తొలి పెద్ద వాన. జనం తలదాచుకోవడానికి లోపలికి పరుగెత్తలేదు, బయటికి వచ్చారు. టీ కొట్టు మనిషి గరిట పట్టుకునే రోడ్డు మధ్యకు వచ్చి ముఖం పైకెత్తి నిలబడ్డాడు. షేర్ ఆటోలో ఉన్నవాళ్ళు చేతులు బయట పెట్టారు. నేను గొడుగు తెరవడానికి సిగ్గుపడి అలాగే తడుస్తూ నడిచాను.

ఖలందర్ ఇంటి వీధి మొదట్లోనే లక్ష్మమ్మ గొంతు వినిపించింది.

కాయలు ఆరబెట్టే టార్పాలిన్ పట్ట ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస ఖలందర్ చేతిలో ఉన్నాయి. మధ్యలో గులాబీ. ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. లక్ష్మమ్మ ఆకాశం వైపు చూసి తిడుతోంది.

"చాలప్పా చాలు! ఈడ తడుండాది! పొద్దున్నే వేలు పెట్టి చూసినా! అట్ల పోయి చేలల్లో పడు, పో!"

"చిన్నమ్మా, ఊరంతా దండం పెడతాంటే నువ్వు పొమ్మంటావేమి?" అన్నాడు ఖలందర్.

"నువ్వు ఎత్తి పట్టుకోరా ముందు!"

నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. "లక్ష్మమ్మా, వాన నీళ్ళు మంచివే. బోరు నీళ్ళ ఉప్పంతా కడుక్కుపోతుంది. ఇప్పుడు కింద నీరు నిలవదు. వదిలేయ్."

"దేవుడు దిగివచ్చినా పోయనియ్యద్దంటివి. ఇప్పుడు దిగినాడు. మాట మారుస్తావా మేడమ్మా?"

పట్ట మూడో కొస పట్టుకున్నాను. నాలుగో కొసకు మనిషి లేడు. పైన నిండిన నీళ్ళన్నీ అటుగా జారి ఖలందర్ మెడలో పడసాగాయి.

అప్పుడు గుమ్మంలోంచి హుసేన్‌బీ పిలిచింది. "లక్ష్మీ, పూసింది."

"యాడక్కా? పొద్దున ఒక్క మొగ్గ గూడా లేదు."

"పూసిందంటాండా కదా."

"మట్టి వాసన అక్కా అది. వానకు."

"ఏది మట్టో ఏది నాదో నాకు తెల్దా?"

గోడ పట్టుకుని, మెట్టు దిగి, ఆ వానలోనే వచ్చింది. ఖలందర్ పట్ట వదిలి తల్లిని పట్టుకున్నాడు. ఆమె చేయి ఆకుల మధ్యకు వెళ్ళింది. గోడవైపు, మేమెవరం చూడని చోట, ఒక కొమ్మ చివర ఆగింది. రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. బిస్కెట్ రంగు పువ్వు, సగం విచ్చి ఉంది. ఆమె వంగి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"నాదే" అంది.

తరువాత వేళ్ళు తీసేసింది. పువ్వు మళ్ళీ నేలవైపు వాలింది.

లక్ష్మమ్మ పువ్వును చూసింది. వీధిలో ఎర్రగా పారుతున్న నీళ్ళను చూసింది. మళ్ళీ పువ్వును చూసింది.

"ఊరంతా నీళ్ళే. కాలవ పారతాండాది. ఇదింకా తల వాల్చే ఉండాదే" అంది నెమ్మదిగా.

ఒక చేత్తో పట్ట పట్టుకునే వంగి, మట్టిలో వేలు పెట్టి చూసింది.

"అయితే దీనికి దప్పిక కాదు."

"కాదు లక్ష్మమ్మా."

"పుట్టుకే ఇంత."

"అంతే."

ఆమె పట్ట కొస వదిలేసింది. పట్టలో మిగిలిన నీళ్ళన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇన్నాళ్ళూ ఆ మొక్క దప్పికతో చస్తోందనే నమ్ముతూ, నాకిచ్చిన మాట కోసం నీళ్ళు పోయకుండా గుండె రాయి చేసుకుని కాపలా కాసిందని నాకప్పుడు అర్థమైంది.

తడిసిన కొంగు పిండుకుంటూ, "ఈ మాట ముందే చెప్పింటే ఇన్ని తిప్పలుండేవా మేడమ్మా!" అంది.